చవితినాటి చంద్రుడి ఫొటో

మొన్న వినాయక చవితినాడు పొద్దున్నే పత్రి కడుక్కుంటూ ఉంటే ఫోను మోగింది. నాతోబాటు పనిచేసి రిటైరైన టీచర్లందరం కలిసి వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకున్నాం లెండి, అందులో ఒకావిడ పండగ శుభాకాంక్షలంటూ బొమ్మ పంపింది. వినాయకుడున్నాడు, ఉండ్రాళ్ళ పళ్ళెం ఉంది, ఎలుక కూడా ఉంది, అంతవరకూ ఏ పేచీ లేదు. కానీ వెనకాల ఆకాశంలో నిగనిగలాడుతూ నెలవంక ఒకటి వేలాడుతోంది. పూజ కాకుండా, కథ వినకుండా, నెత్తిన నాలుగు అక్షింతలైనా పడకుండా, చవితినాడు తెల్లారేసరికి అంతమంది పెద్దవాళ్ళకి చంద్రుణ్ణి చూపించేసింది మహాతల్లి. ఎవరైనా ఏమైనా అంటారేమోనని కాసేపు చూశాను. అందరూ వరసపెట్టి దణ్ణాల బొమ్మలు పెట్టారు, ఒకాయనైతే చాలా బాగుంది మేడమ్ అని మెచ్చుకున్నారు కూడా.

మా ఆయనకి చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ఫోను నా చేతిలో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయారో నాకు తెలుసు. ఇన్నేళ్ళయినా ఆ ముల్లు మా ఇద్దరికీ గుచ్చుకుంటూనే ఉంది. కాసెట్లూ ఫిల్ము రీళ్ళూ ఎరిగిన నా ఈడు వాళ్ళకైతే చెబితే అర్థమవుతుందని ఇన్నాళ్ళకి ఇది రాయడానికి కూర్చున్నాను.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మామిడికుదురు దగ్గర ఈ ఊళ్ళోనే చిన్నబళ్ళో నేను టీచర్ని, హైస్కూల్లో ఆయన సైన్సు మాస్టారు. ఒక వేసవి సెలవుల్లో సైన్సు మాస్టార్లకేదో శిక్షణ అని రాజమండ్రి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు లోకంలో అందరూ ఇంటికి పళ్ళో మిఠాయో తెచ్చుకుంటే, ఈయన గుడ్డలో చుట్టిన రెండు దళసరి గాజుబిళ్ళలు తెచ్చుకున్నారు. ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో ఇసకలాంటి పొడి చల్లి, తడుపుకుంటూ రుద్దుకుంటూ పోతే పైబిళ్ళ సన్నగా గుంటపడి టెలిస్కోపుకి అద్దం అవుతుందట. రుద్దేటప్పుడు ఒకచోట నిలబడకూడదట, చుట్టూ తిరుగుతూ రుద్దాలట. ఖాళీ కిరసనాయిలు పీపా ఒకటి వీధరుగు పక్కన నిలబెట్టి, దానిమీద బిళ్ళలు పెట్టుకుని, ఆ సెలవులన్నీ మా ఆయన పీపా చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. దారినపోయేవాళ్ళు ఆగి, "మాస్టారండీ, పీపాకి ప్రదక్షిణాలు చేత్తన్నారేంటండీ, ఏం మొక్కుకున్నారేంటి?" అని నవ్వి పోయేవారు. ఆయనా నవ్వేవారు. ఆ రోజుల్లో ఊరు మామీద నవ్వినా అందులో అభిమానమే ఉండేది.

అమలాపురంలో రేకుపని చేసేవాళ్ళ దగ్గర నిలువెత్తు గొట్టం చేయించి, లోపలా బయటా నల్లరంగు వేసి, అద్దాన్ని అడుగున బిగించి, కొబ్బరిమొద్దు మీద అటూ ఇటూ తిరిగేలా దాన్ని మా పెరట్లో నిలబెట్టారు. అంతే, దాంతో ఆయన సరదా తీరిపోయింది. మా ఆయనది తయారుచేసే చెయ్యి గానీ చూసే కన్ను కాదు. పెళ్ళికి పందిరి వేసి, భోజనానికి ఉండకుండా వెళ్ళిపోయే మనిషి. ఆ భోజనం నేను చేశాను. బడి నుంచి వచ్చి, అన్నం వండేసి, సాయంత్రం పొద్దు వాలగానే గొట్టం దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఆ గొట్టంలో చూసే తీరు కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది. దాని నోరు ఆకాశంవైపు తెరుచుకుని ఉంటుంది, మనం కన్ను పెట్టేది మాత్రం ఎదురుగా కాదు, పైఅంచు దగ్గర పక్కగా ఉన్న చిన్న కన్నంలో. అంచేత పక్కవాళ్ళకి మన కళ్ళు ఎటున్నాయో కనబడదు, గొట్టం నోరు ఎటుందో అదే కనబడుతుంది.

దక్షిణాన ఎక్కడో గ్యాసుబావి మంట ఒకటి ఎప్పుడూ మండుతూ ఉండి ఆకాశాన్ని ఎర్రగా చేసేసేది. చుక్కలు చూడబోతే సగం ఆ వెలుగులోనే కలిసిపోయేవి. చంద్రుడికి మాత్రం ఏ మంటతోనూ పనిలేదు. అందుకని నాకు చంద్రుడే దిక్కయ్యాడు. పున్నమి చంద్రుణ్ణి అందరూ మెచ్చుకుంటారు గానీ, గొట్టంలోంచి చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంటాడు, అందులో చూడ్డానికేమీ ఉండదు. గుంటలు చూడాలంటే విదియా తదియల నుంచి దశమి దాకా చూడాలి. వెలుగూ చీకటీ కలిసేచోట గుంటల అంచుల నీడలు పొడుగ్గా పడి, అప్పుడే పెనం మీంచి తీసిన అట్టులా చంద్రుడంతా కన్నాలు కన్నాలుగా కనబడతాడు. పుస్తకంలో ఆ గుంటలకి లాటిన్ పేర్లేవో ఉన్నాయి, నాకు నోరు తిరిగేది కాదు. నా పేర్లు నేను పెట్టుకున్నాను. ఒకటి గంధపు సాన, రెండు దగ్గర దగ్గరగా ఉన్నవి జంట పళ్ళాలు, అన్నిటికంటే నాకిష్టమైనది పగిలిన మూకుడు.

పగిలిన మూకుడంటే పెద్ద గుండ్రటి గుంట, దాని నడిమధ్య చిన్న కొండ, ఆ కొండ దగ్గర నుంచి అంచుదాకా కత్తితో గీసినట్టు ఒక పగులు. ఎండ ఏటవాలుగా పడితే తప్ప ఆ పగులు పైకి తేలదు. అమావాస్య వెళ్ళిన తరవాత నాలుగో సాయంత్రం, ఆ కాసేపే, బాగా కనబడుతుంది. నెలకి ఒక్క సాయంత్రం అన్నమాట. ఆ పూట మబ్బు పట్టిందా, బంధువులొచ్చారా, మళ్ళీ నెలదాకా ఆగాల్సిందే.

దాన్ని ఫొటో తియ్యాలని నాకు పిచ్చి పట్టింది. మా మేనమామ పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేవారు, కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకిచ్చారు. దాని ముందుభాగం ఊడదీసి గొట్టం కన్నానికి తగిలిస్తే బొమ్మ పడుతుంది గానీ, మీట నొక్కగానే కెమెరా లోపల టపామని ఏదో లేచి గొట్టమంతా వణికిపోయేది. వణికితే చంద్రుడు చిలికిన మజ్జిగే. దానికి మా ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. ఆయన గొట్టం నోటికెదురుగా నిలబడి నల్ల అట్టముక్క అడ్డం పెట్టి పట్టుకుంటారు, నేను గొట్టం పక్కన కెమెరా తెరిచి ఉంచుతాను, వణుకు ఆగాక నేను ఊఁ అంటే ఆయన అట్ట ఇలా తీసి అలా పెట్టేస్తారు, అప్పుడు నేను కెమెరా మూస్తాను. చూసేవాళ్ళకి ఎలా కనబడేదో మేమెప్పుడూ ఆలోచించలేదు. ఒక నిలువెత్తు గొట్టం చాటున నేను వంగి కూచుంటే కనబడను, ముందు నిలబడి చేత్తో అట్ట ఊపే మా ఆయనే కనబడతారు.

మాకు పడమటివైపు ఇల్లు ఆ వీధిలో మొదటి మేడ. ఆ ఇంటి పెద్దావిడ చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, నలుగురి ఇళ్ళలో వడ్లు దంచి కొడుకుని పెంచింది. కొడుకు కువైట్ వెళ్ళి మేడ కట్టించాడు. మురమళ్ళవైపు పిల్లని చేసుకుని, పెళ్ళయిన కొన్నాళ్ళకే మళ్ళీ వెళ్ళిపోయాడు. అత్తా కోడలూ ఇద్దరే ఆడవాళ్ళు ఆ ఇంట్లో. అత్తగారు చెడ్డ మనిషని నేననను, భయం మనిషి. మగదిక్కు లేని ఇంటి పరువు తన కొంగున ముడివేసుకుని తిరిగేది. కోడలు మాటకారి, పని రాక్షసి. పగలంతా చాకిరీ చేసి సాయంత్రం ఆరేసిన బట్టలు తేవడానికని మేడెక్కేది, ఎక్కి కాసేపు గాలికి నిలబడేది, పిట్టగోడ మీంచి నాతో రెండు మాటలు మాట్లాడేది. ఆ పిల్లకి రోజు మొత్తమ్మీద తనదంటూ ఉన్నది ఆ కాసేపే.

ఆ ఏడు వానలు విడవకుండా పట్టాయి. శ్రావణం చవితికి మబ్బు, అంతకుముందు నెల మబ్బు. భాద్రపద చవితి, అంటే వినాయక చవితి సాయంత్రం మాత్రం ఆకాశం కడిగిన పళ్ళెంలా అయిపోయింది. పొద్దున్నే పూజ చేసుకున్నాం, శమంతకమణి కథ చదువుకున్నాం, అక్షింతలు నెత్తిన వేసుకున్నాం. కథ విని అక్షింతలు వేసుకున్నవాళ్ళకి చంద్రుణ్ణి చూసినా నీలాపనిందలు రావని ఆ కథలోనే ఉంది గదా, ఆ ధైర్యంతో మా ఆయన్ని అట్ట పట్టుకోమని, నేను కెమెరా బిగించాను. చవితి చంద్రుడు పడమట కిందుగా, సరిగ్గా పక్కింటి మేడ పిట్టగోడకి పైన ఉన్నాడు. గొట్టం నోరు అటే తిరిగింది, వేరే దారి లేదు. నేను ఊఁ అన్నప్పుడల్లా ఆయన అట్ట తీసి పెట్టారు. పగులు అద్దంలో ఎంత స్పష్టంగా ఉందో చెప్పలేను.

అదే సమయానికి కోడలు మేడమీద మావైపు తిరిగి దుప్పటి దులుపుతోంది. అదే సమయానికి అత్తగారు కోళ్ళని గంప కింద కమ్మడానికి పెరట్లోకొచ్చింది. చవితి కాబట్టి పొరపాటున ఆకాశం కనబడుతుందేమోనని కొంగు నుదుటిదాకా లాక్కుని వచ్చింది. ఆ కొంగు కిందనుంచి ఇటు చూస్తే మా ఆయన చెయ్యి ఊపుతున్నారు, అటు చూస్తే కోడలు దుప్పటి ఊపుతోంది. తల ఇంకాస్త ఎత్తి ఉంటే చంద్రుడు కనబడి ఉండేవాడు. ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గరికి నేను వెళ్ళగానే ఆడవాళ్ళు మాటలాపేశారు. అలా మాటలాపేస్తే విషయం మనదేనని ఏ ఆడదానికైనా తెలుస్తుంది. హైస్కూల్లో పిల్లలు మా ఆయన్ని చూసి అట్టలు ఊపుతున్నారని మధ్యాహ్నానికి తెలిసింది. సాయంత్రం నేనే పక్కింటికి వెళ్ళాను. వెళ్ళి, అమ్మా, గొట్టం దగ్గరున్నది నేను, ఆయన ఉత్తినే అట్ట పట్టుకున్నారు, మేం చంద్రుణ్ణి ఫొటో తీశాం, మీ కోడలు అక్కడుందని కూడా మాకు తెలీదు అని చెప్పాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది. ఆ జాలి నాకు తిట్టుకంటే ఎక్కువ మండింది.

"ఏడాదంతా చంద్రుణ్ణి చూసేనంటే నమ్ముతాను టీచరమ్మా. చవితినాడు చూసేనంటే ఎలా నమ్మమంటావు? పిచ్చోడు కూడా ఆ పూట తల దించుకునే నడుత్తాడు. మొగుణ్ణి వెనకేసుకురావడం నీ ధర్మం, కాదన్ను. నా కోడలి సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ మాటలో తప్పేదో పట్టుకుందామంటే నాకు దొరకలేదు. మేం చేసిన పనికి మేం చెప్పే కారణమే ఊళ్ళో ఎవరూ నమ్మలేని కారణమైపోయింది. ఆ చవితి కాక ఇంకేరోజైనా అయ్యుంటే ఆవిడ తల ఎత్తి చూసేది, నవ్వేసి కోళ్ళని కమ్ముకుని పోయేది.

కోడలి సంగతి చూసుకోవడమంటే ఏమిటో ఆ సాయంత్రమే విన్నాం. అప్పట్లో మన వీధుల్లో ఫోన్లెక్కడివి? కువైట్ వెళ్ళేవాళ్ళ చేతికి కాసెట్టు ఇచ్చి పంపించుకునేవాళ్ళం. చెప్పాల్సిందంతా టేపురికార్డరు ముందు కూర్చుని చెప్పేసేవారు, అక్కణ్ణుంచి జవాబు కాసెట్టు వస్తే అరుగుమీద పెట్టి వీధి వీధంతటికీ వినిపించేవారు, అదొక గొప్ప. పెద్దావిడ అరుగుమీద కూర్చుని, మాకు వినబడాలనే గొంతు పెంచి, కొడుక్కి అంతా చెప్పింది. గొట్టం సంగతి, అట్ట సంగతి, దుప్పటి సంగతి. చంద్రుణ్ణి ఫొటో తీశామని మేం చెప్పిన అబద్ధం సంగతి కూడా చెప్పింది. చివర్న, ఈ పిల్లని నేను కాయలేను నాయనా, పుట్టింటికి పంపెయ్యమంటే పంపేత్తాను, నీ ఇష్టం అంది. ఆ పిల్ల లోపల గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. మామీద పడ్డ నిందని మేం ఎలాగో మోసుకుంటాం, బదిలీ పెట్టుకుని పోతాం. పుట్టింటికి తిరిగొచ్చిన పిల్లని ఆ రోజుల్లో ఎవరు బతకనిచ్చారు?

మామిడికుదురు నుంచి ఒకతను ఆ వారంలోనే కువైట్ వెళ్తున్నాడు, కాసెట్టు అతని చేతికి వెళ్తుంది. ఈలోపల రుజువు చూపించాలి. రుజువు కెమెరాలోనే ఉంది. మర్నాడు మా ఆయన బడికి సెలవు పెట్టి రీలు తీసుకుని అమలాపురం బస్సెక్కారు. నేను గుమ్మంలో నిలబడి, ఏ దేవుడికి మొక్కాలో తెలీక, అసలు ఈ గొడవంతా ఏ దేవుడి పండగనాడు మొదలైందో ఆయనకే మొక్కాను.

సాయంత్రం ఆయన తెచ్చిన కవర్లో మా మేనమామ గారింట్లో తీసిన ఫొటోలే ఉన్నాయి. మిగతావన్నీ నల్లగానే పడతాయండీ, ప్రింటు వెయ్యడం దండగని వదిలేశాను అన్నాట్ట స్టూడియో అతను. మళ్ళీ మర్నాడు బస్సు. ఈసారి ఎదురుగా నిలబడి, ఆ నల్లవే కావాలని పట్టుబట్టి వేయించుకొచ్చారు. కాగితమ్మీద బొమ్మ తేలుతుంటే స్టూడియో అతను వంగి వంగి చూసి, "ఏవిటండీ ఇది, కొబ్బరిచెక్కాండీ?" అన్నాట్ట. చంద్రుడు, చవితినాడు తీశాం అని ఈయన చెప్పేశారు. సత్యహరిశ్చంద్రుడి వంశం మరి. అతను కాగితం వదిలేసి, చేతులు తుడుచుకుని, "ముందే చెప్పద్దాండీ మాస్టారూ, ఇంతసేపూ కళ్ళార్పకుండా చూత్తా ఉన్నాను గదండీ" అని ఏడుపుమొహం పెట్టాట్ట. ఆయన నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ మాట వినగానే నాకు నవ్వు రాలేదు. రేపు జరగబోయేది నాకప్పుడే తెలిసిపోయింది.

అలాగే జరిగింది. ఫొటో పట్టుకుని పక్కింటికి వెళ్తే పెద్దావిడ గభాల్న కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకునే, అవతల పెట్టు, అవతల పెట్టు అని చెయ్యి విదిలించింది. కథ విన్నారుగా అమ్మా, అక్షింతలు వేసుకున్నారుగా, ఏమీ కాదు, ఒక్కసారి చూడండి అని బతిమాలాను.

"కృష్ణుడంతటోడు పాలల్లో నీడ చూత్తేనే నింద పడింది. ఫొటోలో చూత్తే పడదా? అక్షింతలు పొరపాటున చూసినోళ్ళకమ్మా, గొట్టాలెట్టుకుని చూసినోళ్ళకి కాదు. చూడు, మీ చంద్రుడి మూలంగా ఇప్పటికే నా కొంప కొల్లేరైంది."

వీధిలో పెద్దమనిషిని ఆశ్రయిస్తే ఆయన పంచె సర్దుకుంటూ, ఫొటో తిరగేసి తెల్లటి వీపుమాత్రం చూసి, ఉంటుందండీ ఉంటుంది, మీరబద్ధమాడతారా అన్నారు గానీ ముందుకి తిప్పలేదు. ఇంకో ఇంట్లో గుమ్మంలోకే రానివ్వలేదు. ఊరంతటికీ సరిపడా రుజువు నా చేతిలో ఉంది, దాన్ని చూసేవాడు ఒక్కడూ లేడు. ఆ రాత్రి మా ఆయన అన్నం కలుపుకుని తినకుండా లేచిపోయారు. నాకైతే ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, పిండి రుబ్బుతూ రోలు మీద చూపించాను.

కాసెట్టు మర్నాడు మామిడికుదురు వెళ్తుందనగా, సాయంత్రం మా పెరటి దడి పక్కన అలికిడైతే చూశాను. కోడలు. చేతిలో గిన్నె ఉంది, పెరుగుకి తోడు కావాలని అత్తగారితో చెప్పి వచ్చిందట. తోడు వేస్తుంటే, ఫొటో ఏదండీ అని అడిగింది. చూడకు తల్లీ, నీకెందుకొచ్చిన గొడవ అన్నాను. నేనే అలా అన్నానంటే చూడండి, ఆ నాలుగు రోజుల్లో నాకే భయం పట్టుకుంది.

"నాకింక కొత్తగా పడే నిందేవుందండీ టీచరుగారూ," అంది. "ఇవ్వండి."

తీసుకుని, వెలుగు చాలక గుమ్మం దగ్గరికి జరిగి చూసింది. ఊళ్ళో ఆ ఫొటోని చూసిన మొదటి మనిషి ఆ పిల్లే. చూస్తూ చూస్తూ, ఆ గీతేంటండీ అంది. పగులమ్మా, కొండ దగ్గర నుంచి అంచుదాకా ఉంది, దాన్ని తియ్యాలనే ఇంత చేశాం అన్నాను. "ఇంత పగిలినా ఊడి పడదేంటండీ?" అని అడిగింది. పడదు, ఎన్ని యుగాల నుంచో అలాగే ఉంది అన్నాను. ఆఁ అంది. కాసేపటికి కత్తెర అడిగింది. ఫొటోని కాసెట్టు పెట్టెలో పట్టేలా చుట్టూ కత్తిరించి ఇచ్చాను. పెట్టె లోపల కాగితం వెనకాల దాన్ని పెట్టేస్తానంది, కువైట్‌లో ఆయన పెట్టె తెరిచి చూసుకుంటారులెండి అంది. కొంగులో దాచుకుని, గిన్నె పట్టుకుని దడి దాటి వెళ్ళిపోయింది. చవితి చంద్రుడు అలా కువైట్ వెళ్ళాడు.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో మీకు చెప్పలేను. వీధిలో ఎవరు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినా జవాబు వచ్చిందేమోననుకునేదాన్ని. దీపావళి దగ్గరకొచ్చిన రోజుల్లో ఎవరో కువైట్ నుంచి వస్తూ కాసెట్టు తెచ్చారు. పెద్దావిడ ధైర్యంగానే అరుగుమీద టేపురికార్డరు పెట్టింది, కొడుకు తన పక్షమే మాట్లాడతాడని ఆవిడ నమ్మకం. పదిమందీ చేరారు. నేను మా అరుగుమీదే, బియ్యం ఏరుతున్నట్టు చాట పట్టుకుని కూచున్నాను.

ముందు కుశలప్రశ్నలయ్యాయి. తరవాత అతని గొంతు కాస్త తగ్గింది. "అమ్మా, ఫొటో చూసేను. చంద్రుడే. మాస్టారుగారు దేవుడులాంటి మనిషి, ఆయన్నేవీ అనకు, ఎల్లి చమాపణ చెప్పుకో. నీ కోడలి తప్పేవీ లేదు. పుట్టింటికి పంపొద్దు." నా చేతిలో చాట జారింది. బియ్యమంతా అరుగు నిండా పడ్డాయి, పడితే పడ్డాయి అనుకున్నాను. లోపల గుమ్మం దగ్గర ఆ పిల్ల మొహంలోకి రక్తం వచ్చింది. మా ఆయన గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డారు. చవితి తరవాత ఆయన వీధిలోకి తల ఎత్తి నిలబడడం అదే మొదలు.

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. "అయినా నలుగురి నోళ్ళూ మనం మూయలేం గదమ్మా. నేనొచ్చేదాకా దాన్ని మేడమీదికి ఎళ్ళనివ్వకు. మెట్ల తలుపుకి తాళం ఎయ్యి. పిట్టగోడ మనిషెత్తు లేపించు, డబ్బులు పంపుతున్నాను." ఆ తరవాత అక్కడి ఎండల సంగతీ, ఎవరికో పంపిన వాచీ సంగతీ చెప్పాడు. కోడలు గుమ్మం దగ్గర నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దావిడ కొడుకు మాట నిలబెట్టింది. ఆ సాయంత్రమే ఆత్రేయపురం పూతరేకులు పళ్ళెంలో పెట్టుకుని మా ఇంటికొచ్చి, మా ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన కంగారుపడి వెనక్కి తగ్గారు. తప్పయిపోయింది బాబూ అని ఏడ్చింది. మనస్ఫూర్తిగానే ఏడ్చింది. ఇంటికెళ్ళి మెట్ల తలుపుకి తాళం వేసింది. అదీ మనస్ఫూర్తిగానే వేసింది. ఒక మనిషిలో ఆ రెండూ ఎలా ఇముడుతాయో నాకప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. కార్తీకంలో తాపీ పనివాళ్ళొచ్చి గోడ లేపారు. దాంతో మా పడమటి ఆకాశం మూసుకుపోయింది, పగిలిన మూకుడు మళ్ళీ నాకు కనబడలేదు. దానికి నేను బాధపడలేదంటే అబద్ధం. కానీ బట్టలు పెరట్లో దండెం మీద ఆరేస్తూ, తడి బట్ట పిండుతూ పిండుతూ ఆ పిల్ల మేడవైపు చూసిన చూపు ముందు నా బాధ ఏపాటిది. పక్కనే ఉన్నా మేం మాట్లాడుకోవడం తగ్గిపోయింది, దడి దగ్గర మాట్లాడితే అత్తగారికి వినబడుతుందని కొంత, ఏం మాట్లాడాలో తెలీక కొంత.

అతను సెలవుకొచ్చినప్పుడు తాళం తీసేశాడు. తరవాత పెద్దావిడ పోయింది, అతను కువైట్ మానేసి వచ్చేశాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. గొట్టం మా ఆయన హైస్కూలుకి ఇచ్చేశారు. ఇప్పుడు ఊళ్ళో మేడలు లేని ఇళ్ళు వెతకాలి. ప్రతి మేడమీదా సాయంత్రమయ్యేసరికి ఆడపిల్లలు ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, నవ్వుకుంటూ ఉంటారు. ఎవరితో మాట్లాడుతున్నారని అడిగేవాళ్ళు లేరు. చంద్రుణ్ణి ఫోనుతోనే ఫొటో తీసి ఊరందరికీ పంపుకుంటున్నారు. మా కాలం మంచిదని పాట పాడే అలవాటు నాకు లేదు, ఈ విషయంలో మాత్రం ఇప్పటి పిల్లల్నే మెచ్చుకుంటాను.

ఆనాటి కోడలు ఇప్పుడు ఆ ఇంటి అత్తగారు. తన కోడలు మేడమీద కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుంటూ ఉంటే, ఈవిడ కింద మెట్ల దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. ఎందుకు కూర్చుంటుందో నాకు చాన్నాళ్ళు తెలియలేదు. కాపలా అనుకున్నాను. కాపలాయే, కానీ పైనున్న పిల్ల మీద కాదు. ఇంటికొచ్చిన చుట్టాలు గానీ, ఆ పిల్ల మొగుడు గానీ, ఆ కాసేపు పైకి పోయి ఆ పిల్లని పిలవకుండా కాపలా. ఉండండి, దిగుతుందిలెండి, తొందరేంటి అని అందర్నీ అక్కడే ఆపేస్తుంది.

మొన్నొక సాయంత్రం చల్లగా ఉంటే నేనూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. తాళం తీసి ఇన్నేళ్ళయింది గదా, నువ్వు కూడా ఒకసారి పైకి వెళ్ళి గాలికి నిలబడొచ్చు కదమ్మా అన్నాను. ఆవిడ మెట్లవైపు చూసి నవ్వింది. "అలవాటు తప్పిపోయిందండీ టీచరుగారూ," అంది. మోకాళ్ళ నొప్పులని చెప్పినా బాగుండేది.